బటన్ ఫోన్ నా జేబులోనూ ఉంది, అయినా ఆ మెసేజ్ తప్పు

మా బంధువుల గ్రూపులో రెండు మూడు నెలలకోసారి తిరిగొచ్చే మెసేజ్ ఒకటుంది. ఈసారి మా బాబాయ్ పెట్టాడు. "స్మార్ట్‌ఫోన్ పారేసి బటన్ ఫోన్ కొనండి, ప్రాణం, డబ్బు రెండూ దక్కించుకోండి" అని మొదలై, దణ్ణం పెట్టే చేతుల బొమ్మలతో ముగుస్తుంది. అందులో ఉన్నవి ఆరు మాటలు. బటన్ ఫోన్‌కి రేడియేషన్ ఉండదట. అది ఉన్నవాళ్లని సైబర్ దొంగలు ఏమీ చేయలేరట. వారం రోజులు ఛార్జింగ్ ఉంటుందట, బ్యాటరీ పేలదట. ఏడాదికి వేలకు వేలు మిగులుతాయట. పెద్దవాళ్లకి అదే మంచిదట. చివరికి, కోటీశ్వరులంతా బటన్ ఫోన్లే వాడతారట. ఈ మెసేజ్ ఏ ఫోన్ నుంచి పంపావు బాబాయ్ అనే జోకు నేను వెయ్యను, గ్రూపులో అప్పటికే నలుగురు వేసేశారు.

నేను విజయవాడ వస్త్రలతలో ఒక హోల్‌సేల్ బట్టల షాపులో లెక్కలు రాస్తాను. నా చొక్కా జేబులో ఉండేది కీప్యాడ్ ఫోనే. టచ్ ఫోన్ కూడా ఉంది గానీ, షాపులో ఉన్నంతసేపూ అది బిల్లు పుస్తకాల సొరుగులో పడుంటుంది. కాబట్టి నన్ను స్మార్ట్‌ఫోన్ల తరఫు లాయరు అనుకోవద్దు. నాకు నచ్చిన వస్తువుని అబద్ధాలు చెప్పి పొగుడుతుంటే చిరాకేసి రాస్తున్నాను.

ముందు రేడియేషన్. ఏ ఫోనైనా టవర్‌తో మాట్లాడేది రేడియో తరంగాలతోనే. తరంగాలు లేకపోతే అది ఫోన్ కాదు, టార్చిలైటు. పాత 2జీ బటన్ ఫోన్ 900 మెగాహెర్ట్జ్ బ్యాండులో గరిష్ఠంగా 2 వాట్ల దాకా పంపగలదు. అయితే ఎనిమిది వంతుల్లో ఒక వంతు సేపే పంపుతుంది కాబట్టి సగటున పావు వాటు. 4జీ ఫోన్ గరిష్ఠం సుమారు 0.2 వాటు. అంటే రెండూ ఇంచుమించు ఒకటే, కాస్త ఎక్కువ ఉంటే అది బటన్ ఫోన్‌దే. సిగ్నల్ బాగుంటే రెండూ శక్తి తగ్గించుకుంటాయి. మా గోడౌన్ లాంటి చోట, చుట్టూ బేళ్లు పేర్చి సిగ్నల్ ఒక్క గీతకి పడిపోయినప్పుడు, రెండూ పెంచుకుంటాయి.

మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుంచి ఒక హద్దు ఉంది. ఫోన్ నుంచి శరీరం పీల్చుకునే శక్తి, అంటే ఎస్ఏఆర్, కిలోకి 1.6 వాట్లు దాటకూడదు. చాలా ఫోన్లలో స్టార్ హ్యాష్ 07 హ్యాష్ కొడితే ఆ అంకె కనిపిస్తుంది. ఓ సాయంత్రం బేరాల్లేనప్పుడు మా షాపు కుర్రాళ్లూ నేనూ కలిసి నా రెండు ఫోన్లలోనూ కొట్టి చూశాం. బటన్ ఫోన్ అంకే ఎక్కువ వచ్చింది. అందులో భయపడాల్సిందేమీ లేదు, రెండూ హద్దు లోపలే. కానీ "ఉండదు" అన్న మాట మాత్రం అక్కడే పోయింది.

ఇంకొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో ఈ తరంగాలను 2బి వర్గంలో చేర్చిన మాట నిజం. క్యాన్సర్‌కి కారణం అయ్యే అవకాశం ఉండొచ్చు, ఆధారాలు మాత్రం పరిమితం అని దానర్థం. అదే వర్గంలో కలబంద ఆకుని మొత్తంగా పిండి తీసిన సారం ఉంది. ఆసియా సంప్రదాయ ఊరగాయ కూరలూ ఉన్నాయి. (అవి చైనా వైపు ఊరబెట్టే కూరలు. మన ఆవకాయ జోలికి ఎవరూ రాలేదు, కంగారు పడొద్దు.) అసలు తమాషా ఏమిటంటే, 2011లో ఆ నిర్ణయానికి ఆధారం చేసుకున్న అధ్యయనాల్లో పెద్దవి 2004 దాకా జనం వాడిన ఫోన్ల మీద జరిగినవి. అప్పుడు టచ్ ఫోన్లు ఎక్కడివి? ఆ భయం పుట్టిందే బటన్ ఫోన్ల నుంచి.

సైబర్ దొంగల సంగతికి వస్తే నాకు నవ్వు రాదు. సత్యనారాయణపురంలో మా పక్కింటాయన రిటైరైన టీచరు. ఆయన దగ్గర ఉన్నది బటన్ ఫోన్ ఒక్కటే. ఓ మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. "సార్, మీ ఏటీఎం కార్డు గడువు అయిపోతోందండీ, ఇవాళ రెన్యువల్ చేయకపోతే పెన్షన్ ఆగిపోతుంది" అన్నాడట అవతలివాడు, చక్కటి తెలుగులో. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని కార్డు మీద పదహారు అంకెలూ, వెనకున్న మూడంకెలూ చదివారు. ఓటీపీ మెసేజ్ వచ్చింది. మాట్లాడుతూనే మెసేజ్ తెరవడం ఆయనకి రాదు. "ఉండు నాయనా, పెట్టేసి చూసి చెప్తాను" అన్నారు. వాడు ఓపిగ్గా రెండు నిమిషాలాగి మళ్లీ చేశాడు. ఆరంకెలు చెప్పడం, నలభై రెండు వేలు పోవడం ఒకేసారి జరిగాయి. నాతో చెప్పింది మర్నాడు పొద్దున, పాలప్యాకెట్టు తీసుకుంటూ, ఎవరికీ చెప్పకు అంటూ.

వాడు ఫోన్‌లోకి దూరలేదు, ఆయన్ని మాటల్లో పెట్టాడు. అందుకు ఏ ఫోనైనా ఒకటే. మోసం జరిగిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి, డబ్బు ఖాతాలు మారేలోపు ఆపే వీలుంటుంది. ఆ కాల్ బటన్ ఫోన్ నుంచీ వెళ్తుంది. రిజర్వ్ బ్యాంకు 2017లో పెట్టిన నిబంధన ప్రకారం ఓటీపీ లాంటివి మనమే చెప్పేస్తే, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయిన సొమ్ము మన నెత్తినే. మాస్టారు ఒక రాత్రంతా సిగ్గుతో ఊరుకున్నారు.

కాల్ ఫార్వర్డింగ్ మోసం కూడా అంతే. కొరియర్ వాళ్లమని చెప్పి స్టార్ 401 స్టార్‌తో మొదలయ్యే నంబరొకటి కొట్టిస్తారు, అక్కణ్నుంచి మన కాల్స్ వాడికి వెళ్తాయి. ఇది ఎంత ముదిరిందంటే, అలా కోడ్ కొట్టి ఫార్వర్డ్ చేసుకునే సదుపాయాన్నే 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపమని టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించింది. 2జీలో ఇంకో లోటు ఉంది. టవర్ మన సిమ్ అసలుదో కాదో చూస్తుంది గానీ, ఆ టవర్ అసలుదో కాదో మన ఫోన్ చూడదు, దొంగ టవరైనా నమ్మేస్తుంది. రెండు వైపులా పరీక్ష వచ్చింది 3జీతో.

ఒప్పుకోవాల్సింది కూడా ఉంది. పెళ్లి కార్డు పేరుతోనో, ట్రాఫిక్ చలానా పేరుతోనో వచ్చే ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోన్‌లో దొంగ యాప్ ఎక్కించేవి), స్క్రీన్ షేర్ చేయించి ఖాతా ఊడ్చేసే మోసాలు మామూలు బటన్ ఫోన్‌లో పనిచేయవు. మెసేజ్ ఇంతవరకే చెప్పి ఉంటే నేను కూడా పదిమందికి పంపేవాణ్ని.

ఛార్జింగ్ మాటలో సగం నిజం ఉంది, అది మా ఇంట్లోనే చూశాం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వచ్చి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా పెద్దమ్మవాళ్లు మేడ మీద ఇరుక్కుపోయారు. కరెంటు లేదు. కింద నడుముల్లోతు నీళ్లు. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటిన రోజులవి. మా అన్నయ్య స్మార్ట్‌ఫోన్‌లో తొమ్మిది శాతం మిగిలుండగా తామున్న చోటు లొకేషన్ నాకు పంపి, ఫోన్ ఆపేశాడు. ఆ తర్వాత మూడు రోజులూ మేము మాట్లాడింది ఆ మేడ మీదికే చేరిన కింది వాటా ఆయన డబ్బా ఫోన్‌తో. అదీ సిగ్నల్ వచ్చినప్పుడే.

పడవ వాళ్లకి అడ్రసు చెప్పడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. "పాలకేంద్రం ఎదురు సందు" అంటే, పాలకేంద్రమే నీళ్లలో ఉంది. సందు ఎక్కడ మొదలవుతుందో ఎవరికి తెలుసు? చివరికి నేను ఆ లొకేషన్‌ని పడవలో వెళ్తున్న కుర్రాడి నంబరుకి పంపితే, దాన్ని చూసుకుంటూ ఇంటి వెనక గోడ దాకా వెళ్లాడు. "మేడ మీద ఎర్ర దుప్పటి ఊపండి" అని నేను చెప్పింది మాత్రం డబ్బా ఫోన్‌కి. ఆ రోజు ఈ రెంటిలో ఏది గొప్ప అని మా ఇంట్లో ఎవరూ వాదించుకోలేదు.

ఇక వారం రోజులు అన్నది ఫోన్ ఊరికే పడుంటే. రెండు సిమ్ములేసి రోజంతా పార్టీలతో బేరాలు మాట్లాడితే నాది మూడో రోజుకి కూతపెడుతుంది. పేలదు అన్నారు కదా, 2007 ఆగస్టు గుర్తు చేసుకోండి. ఆ రోజుల్లో నోకియా బటన్ ఫోన్లలో చాలావాటికి ఉండేది బీఎల్-5సీ అనే బ్యాటరీయే. వేడెక్కే ప్రమాదం ఉందని, ఒక తయారీదారు చేసిన 4.6 కోట్ల బ్యాటరీల విషయంలో నోకియాయే హెచ్చరిక ఇచ్చి, ఉచితంగా మార్చి ఇస్తామంది. లిథియం బ్యాటరీకి పైన బటన్లున్నాయో గాజు పలక ఉందో తెలీదు.

డబ్బు మిగలడం గురించి నేను లెక్కలవాడిగా చెప్తాను. రీఛార్జ్ పడేది సిమ్‌కి, ఫోన్‌కి కాదు. డేటా వద్దనుకునేవాళ్లకి కాల్స్, ఎస్సెమ్మెస్‌లతోనే ప్యాక్ ఇచ్చి తీరాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది, అది ఏ ఫోన్‌లోనైనా వేసుకోవచ్చు. జియోకి 2జీ నెట్‌వర్కే లేదు కాబట్టి ఆ సిమ్ ఉన్నవాళ్లు అటక మీది పాత ఫోన్ దించినా లాభం లేదు, 4జీ బటన్ ఫోన్ కొత్తగా కొనాలి. నా సొంత పద్దు చూస్తే, రెండు ఫోన్లు, రెండు సిమ్ములు, రెండు రీఛార్జులు. ఆదా సంగతి దేవుడెరుగు, ఖర్చు పెరిగింది.

బటన్ ఫోన్‌తో యూపీఐ కుదరదా అంటే కుదురుతుంది. ఇంటర్నెట్ లేకుండా కోడ్ కొట్టి డబ్బు పంపే స్టార్ 99 హ్యాష్ ఉంది, ఫోన్ కాల్‌లో చెప్పినట్టు నొక్కుతూ పంపే యూపీఐ 123పే 2022 మార్చిలో వచ్చింది. పంతం కొద్దీ నేనూ కాళేశ్వరరావు మార్కెట్లో ఓసారి ప్రయత్నించాను. నలభై రూపాయల కొత్తిమీర, పుదీనా. ఒకటి నొక్కండి, తర్వాత ఆకుకూరలమ్మే ఆమె ఫోన్ నంబరు కొట్టండి, మొత్తం కొట్టండి, పిన్ కొట్టండి. మధ్యలో మార్కెట్ గోలకి వినపడక మళ్లీ మొదటికి వచ్చాను. వెనకాల నలుగురు నిలబడ్డారు. ఆమె నా మొహం చూసి, "పోనీలే బాబూ, రేపివ్వు" అని కట్ట చేతిలో పెట్టింది. మర్నాడు చిల్లర తీసుకెళ్లి ఇచ్చాను.

పెద్దవాళ్ల విషయం మా ఇంట్లోనే రెండు రకాలు. మా మామగారికి చేతులు వణుకుతాయి. టచ్ ఫోన్ మీద వేలు పెడితే ఒకరికి బదులు ఇంకొకరికి పోతుంది. బటన్ ఫోన్‌లో అయిదో అంకె మీద చిన్న బొడిపె ఉంటుంది చూశారా, దాన్ని తడుముకుని చీకట్లో కూడా నంబరు కొడతారు. ఆయనకి ఆ ఫోనే సరైనది. మా అమ్మకి చదువు రాదు. బటన్ ఫోన్‌లో పేర్లు చదవలేక, వచ్చిన కాల్ ఎత్తడం తప్ప ఏమీ చేసేది కాదు. ఇప్పుడు గుంటూరు అరండల్‌పేటలో ఉన్న మా పిన్ని ఫొటో నొక్కి, మైకు బొమ్మ పట్టుకుని, గోంగూర ఎంతకి కొన్నదీ పూస గుచ్చినట్టు చెప్తుంది. పిన్ని అంతకంటే పొడుగు జవాబు పంపుతుంది.

చదువొచ్చినవాళ్లకైనా బటన్ ఫోన్‌లో తెలుగు రాయడం ఏమంత సుఖం కాదు. ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక ఎస్సెమ్మెస్‌కి 160 పడతాయి. తెలుగులో అయితే 70. అందులోనూ ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్క. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం, ఫోన్ లెక్కలో ఆరు. 2025 జనవరి 30న మన ప్రభుత్వం మన మిత్ర పేరుతో 161 సేవలు మొదలుపెట్టింది కూడా వాట్సాప్‌లోనే. పెద్దవాళ్ల చేతిలో బటన్ ఫోన్ పెట్టి మంచి చేశామనుకునేవాళ్లు, వాళ్ల సర్టిఫికెట్ల కోసం తామే తిరగడానికి సిద్ధపడాలి.

కోటీశ్వరుల మాటకి ఒక పేరు చాలు. ఇలాంటి మెసేజ్‌లలో తరచుగా కనిపించే వారెన్ బఫెట్ చాలాకాలం మడత ఫోన్ వాడిన మాట నిజమే. 2020 ఫిబ్రవరిలో ఆయనే టీవీలో, ఐఫోన్‌కి మారిపోయానని చెప్పాడు. మెసేజ్ ఇంకా మారలేదు.

మరి నేనెందుకు వాడుతున్నాను అంటే, జేబులోంచి తీస్తే సమయం చూసి మళ్లీ పెట్టేస్తాను కాబట్టి. టచ్ ఫోన్ అయితే సమయం చూద్దామని తీసి, ఇరవై నిమిషాల తర్వాత ఎవరిదో ఇంటి గృహప్రవేశం వీడియోలో తేలతాను, సమయం మాత్రం చూడను. మధ్యాహ్నం భోజనం వేళ ఇయర్‌ఫోన్ తీగ గుచ్చి రెయిన్‌బో కృష్ణవేణి ఎఫ్‌ఎం రేడియో పెట్టుకుంటాను. ఇంతే. నా బలహీనతకి నాకు దొరికిన ఏర్పాటు ఇది. మా ఆవిడకి ఆ బలహీనత లేదు, ఆమెకి ఒక్క టచ్ ఫోన్ సరిపోతుంది.

ఇదంతా గ్రూపులో టైపు చేస్తే ఎవరూ చదవరని బాబాయ్‌కే ఫోన్ చేసి చెప్పాను, బటన్ ఫోన్ నుంచే. పావుగంట ఓపిగ్గా విన్నాడు. "అదంతా సరే గానీ రా, ఊరగాయ అన్నావేంటి, అది ఇంకోసారి చెప్పు" అన్నాడు.