రంగు చూసి, తీపి చూసి జీఐ చెప్పలేం

బెంగళూరులో తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో షుగర్ ఉన్నవాళ్ల కోసం జీఐ గురించి, అంటే తిన్న ఆహారం రక్తంలో గ్లూకోజ్‌ను ఎంత పెంచుతుందో చెప్పే కొలత గురించి, ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇది: తెల్లగా ఉన్నవన్నీ హై జీఐ, ముదురు రంగువన్నీ లో జీఐ. రాగి ముద్ద ఎంత తిన్నా షుగర్ పెరగదు. చక్కెర బదులు బెల్లం వాడండి. పుచ్చకాయ ముట్టుకోవద్దు. అన్నం వండి రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే లో జీఐ అయిపోతుంది.

ఈ ఐదింటిలో ఏ ఒక్కటీ చెప్పినట్టుగా నిలవదు. ఊరి నుంచి పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న పెద్దవాళ్లు ఇది నమ్మి, మాత్రలు వేసుకుంటూనే కంచం మార్చేస్తున్నారు. అందుకే ఒక్కో మాటా విప్పి చూడాలి.

అసలు జీఐ అంకె ఎలా వస్తుందో ముందు తెలియాలి. గ్లైసీమిక్ ఇండెక్స్ అనే కొలతను 1981లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ జెంకిన్స్ బృందం ప్రతిపాదించింది. పరగడుపున ఉన్న మనిషికి, అరిగే పిండిపదార్థం 50 గ్రాములు వచ్చేంత ఆహారం పెట్టి, రెండు గంటల పాటు రక్తంలో గ్లూకోజ్ చూస్తారు. అదే మనిషి 50 గ్రాముల గ్లూకోజ్ తాగిన రోజు వచ్చిన పెరుగుదలను 100 అనుకుంటే, ఈ ఆహారానికి ఎంత వచ్చిందన్నదే జీఐ. పది మందిలో చూసి సగటు తీస్తారు. 55 వరకు లో, 56 నుంచి 69 మధ్యస్థం, 70 ఆపైన హై. ఈ లెక్కలో రంగుకు చోటు లేదు, తీపికీ లేదు.

ఇక మొదటి మాట, రంగు. పాలు తెల్లవే, కాబూలీ శనగలూ తెల్లవే. రెండింటి జీఐ 40 లోపే. బ్రౌన్ బ్రెడ్ ప్యాకెట్ వెనక్కి తిప్పండి. పదార్థాలను బరువులో ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలన్నది మన దేశంలో నిబంధన. మొదటి పేరు మైదా అయి, చివర్లో కారమెల్ రంగు అని గానీ దాని కోడ్ అయిన 150 అనే అంకె గానీ ఉంటే ఆ రంగు తవుడుది కాదు.

బియ్యం విషయం ఇంకా సూక్ష్మం. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ మన బాపట్ల రకం ఉప్పుడు బియ్యాన్నే మూడు రకాలుగా పట్టించి కొలిచింది. తవుడు మొత్తం ఉన్నదానికి 58, కాస్త పాలిష్ చేసినదానికి 73, పూర్తిగా చేసినదానికి 80 వచ్చింది. గమనించాల్సింది ఆ మధ్య అంకె. కాస్త పాలిష్‌కే అది హై వర్గంలోకి దూకింది, చూడటానికి మాత్రం ఇంకా ముదురుగానే కనిపిస్తుంది. సెమీ పాలిష్డ్ అని అమ్మే బియ్యం కొనేటప్పుడు గుప్పెడు గింజలు కాగితం మీద పోసి చూడండి. గింజ ఒక కొసన మొలక ఉండే చిన్న బొడిపె చెక్కుచెదరకుండా ఉంటే తవుడు చాలావరకు మిగిలినట్టే. అక్కడ గంటు పడి ఉంటే మొలకతో పాటు తవుడూ పోయింది. అదే సంస్థ కొలతలో మనం రోజూ వండుకునే సోనా మసూరికి 72 వచ్చింది.

రంగు కాదు, ఆకృతి చూడాలి. గింజ గింజగా ఉంటే లోపలి పిండిని ఎంజైములు నెమ్మదిగా చేరతాయి. రుబ్బి, పులియబెట్టి, ఆవిరి మీద ఉబ్బించిన తట్టె ఇడ్లీలో వాటికి అడ్డేమీ ఉండదు. నూనె లేదు కాబట్టి ఇడ్లీ లో జీఐ అనుకోవడం కూడా ఇలాంటి పొరపాటే. నిజానికి నూనె పడితే జీఐ తగ్గుతుంది, ఎందుకంటే కొవ్వు కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తుంది. ఉడికించిన బంగాళాదుంపకు 78, చిప్స్‌కు 56 రావడం అందుకే. అంతమాత్రాన చిప్స్ మంచివి అయిపోవు.

రాగి గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే బెంగళూరుకు వచ్చాక చాలా ఇళ్లలో అన్నం స్థానంలోకి వచ్చింది అదే. రాగి మంచి ధాన్యం. 100 గ్రాముల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం, 11 గ్రాముల పీచు ఉంటాయి. కానీ దాన్ని మెత్తగా మరపట్టించి, నీళ్లలో ఉడికించి, నమలకుండా మింగే ముద్దగా చేశాక పిండి తేలిగ్గా అరుగుతుంది. రాగి వంటకాలను కొలిచినప్పుడు 70 దాటిన ఫలితాలు ఉన్నాయి. పరిమాణం లెక్క వేయండి. 80 గ్రాముల రాగి పిండిలో అరిగే పిండిపదార్థం 53 గ్రాములు, 80 గ్రాముల బియ్యంలో 62. తేడా 9 గ్రాములే. ఒకటికి రెండు ముద్దలు తింటే అన్నం మానిన లాభం అక్కడే పోతుంది. మొలకెత్తించిన రాగితో చేసే మాల్ట్ ఇంకా జాగ్రత్తగా చూడాల్సింది. మొలక వచ్చేటప్పుడు పిండి కొంత మాల్టోజ్ అనే చక్కెరగా మారుతుంది, దాని జీఐ గ్లూకోజ్‌కు దగ్గరే. అందులో బెల్లం కూడా కలిపితే అది షుగర్ ఉన్నవాళ్ల పానీయం కాదు. ఒక్క ముద్దకు పప్పు, కాయధాన్యాలు వేసిన సొప్పు సారు (ఆకుకూరల పులుసు) నిండుగా పెట్టుకుంటే రాగి వల్ల నిజంగా మేలు.

బెల్లంలో ప్రధానంగా ఉన్నది సుక్రోజే, చక్కెరలో ఉన్నదే. 10 గ్రాముల బెల్లంలో 8.5 గ్రాముల పిండిపదార్థం, అర మిల్లీగ్రాము లోపు ఇనుము. ఇంకో సంగతి: చక్కెర జీఐ 65, అంటే సోనా మసూరి కంటే తక్కువ. సుక్రోజ్‌లో సగం ఫ్రక్టోజ్, అది రక్తంలో గ్లూకోజ్‌ను పెద్దగా పెంచదు. కాబట్టి తీపి నాలుక మీద తెలిసేదే తప్ప జీఐకి గుర్తు కాదు. కాఫీలో చక్కెర తీసి బెల్లం వేస్తే మారేది రుచే.

పుచ్చకాయకు పాత పట్టికల్లో 72 అని ఉంటుంది, భయం అక్కడినుంచి వచ్చింది. కానీ 50 గ్రాముల పిండిపదార్థం కావాలంటే ఆరేడు వందల గ్రాముల ముక్కలు తినాలి. 150 గ్రాములు తింటే వచ్చేది 11 గ్రాములే. జీఐని పిండిపదార్థంతో గుణించి వందతో భాగిస్తే వచ్చేదే గ్లైసీమిక్ లోడ్: ఇక్కడ 8. పది లోపు ఉంటే తక్కువ, ఇరవై దాటితే ఎక్కువ. అదే లెక్కన మెస్‌లో పెట్టే పావు కిలో సోనా మసూరి అన్నం 50 దాకా వస్తుంది. పుచ్చకాయ మానేసి ఆ అన్నం మాత్రం అలాగే ఉంచితే దక్కేదేమీ లేదు. జ్యూస్ సంగతి వేరు, గ్లాసుకు ఎన్ని ముక్కలు పోతాయో లెక్కే ఉండదు.

ఫ్రిజ్ అన్నంలో కొంత నిజం ఉంది. చల్లారిన పిండిలో కొంత భాగం గట్టిపడి అరగకుండా పోతుంది. 2015లో ప్రచురితమైన ఇండోనేషియా పరిశోధనలో, 24 గంటలు ఫ్రిజ్‌లో పెట్టి వేడిచేసిన అన్నంలో ఆ భాగం వంద గ్రాములకు 0.64 గ్రాముల నుంచి 1.65కు పెరిగింది. వంద గ్రాముల అన్నంలో 28 గ్రాముల పిండిపదార్థం ఉంటే మారింది ఒక్క గ్రాము. ఆరోగ్యవంతుల్లో గ్లూకోజ్ పెరుగుదల ఐదో వంతు కూడా తగ్గలేదు. రెట్టింపు తినడానికి అది అనుమతి కాదు. చేయాలనుకుంటే వండిన గంట, రెండు గంటల్లోపు వెడల్పు గిన్నెలో పలచగా పరిచి ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రంతా గట్టు మీద వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి విషం తయారుచేయొచ్చు, అది వేడిచేసినా పోదు.

మీ ఒంటికి ఏది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలంటే గ్లూకోమీటర్ చాలు. సబ్బుతో చేతులు కడిగి తుడుచుకోండి, వేలికి పండు రసం అంటి ఉంటే రీడింగ్ తప్పుగా పెరుగుతుంది. మొదటి ముద్దకు ముందు ఒకటి, ఆ ముద్ద నుంచి గంటకు ఒకటి, రెండు గంటలకు ఒకటి. ఒక రోజు అన్నం, ఇంకో రోజు రాగి ముద్ద, కూర అదే, పరిమాణం తూచి. మీటర్లకు 15 శాతం అటూఇటూ అనుమతి ఉంది కాబట్టి, 160కీ 170కీ తేడా చూసి నిర్ణయాలు తీసుకోవద్దు. అదే భోజనాన్ని ఇంకో రోజు మళ్లీ చూడండి.

ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు అన్నం ఒక్కసారిగా తగ్గించే ముందు డోసు గురించి డాక్టరుతో మాట్లాడాలి. చెమటలు, వణుకు వచ్చి రీడింగ్ 70 కంటే పడిపోతే అప్పుడు కావలసింది హై జీఐ ఆహారమే: మూడు చెంచాల గ్లూకోజ్ గానీ చక్కెర గానీ నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. చాక్లెట్ పెట్టకండి, అందులో కొవ్వు వల్ల ఆలస్యం అవుతుంది.