తీర్పు ఎప్పుడూ బీరువా ఉన్నవారిదే

2024 జులైలో మాడ్రిడ్‌లో కూడిన వృక్షశాస్త్రజ్ఞులు ఓటింగ్ పెట్టి మరీ 200కు పైగా మొక్కల శాస్త్రీయ నామాలను సవరించారు. ఆఫ్రికా నల్లజాతివారిని కించపరిచే మాట వాటిలో ఉండటమే కారణం. మంచి పనే. పేర్లు మార్చాలా వద్దా అన్న వాదోపవాదాలను ఇక్కడ ఏకరువు పెట్టను. నాకు లోటుగా తోచింది ఒక్కటే, చర్చ దాదాపుగా పేరు దగ్గరే ఆగిపోయింది. ఈ మొక్క కొత్తదా పాతదా, ఇది ఒక జాతా రెండా అని తేల్చే అధికారం కొందరికే ఎలా దక్కింది? 19వ శతాబ్దపు వృక్షశాస్త్రజ్ఞులు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు తిరగేస్తే ఈ ప్రశ్న నుంచి తప్పించుకోలేం.

విలియం కొలెన్సో సంగతి చూడండి. కార్న్‌వాల్‌లో పుట్టి, 1834లో మిషనరీల అచ్చుయంత్రం నడపడానికి న్యూజీలాండ్ వెళ్లాడు. 1841లో అంటార్కిటిక్ యాత్రలో ఉన్న ఎరెబస్ నౌక అక్కడ లంగరు వేసినప్పుడు, అందులోని 24 ఏళ్ల సహాయ వైద్యుడు జోసెఫ్ హుకర్‌తో అతనికి స్నేహం కలిసింది. ఇద్దరికీ మొక్కల పిచ్చి. తర్వాత దశాబ్దాలపాటు కొలెన్సో నుంచి నమూనాల మూటలు, హుకర్, అతని తండ్రి నుంచి పుస్తకాలు, స్నేహితులిద్దరి మధ్య ఉత్తరాలు ఓడలెక్కి తిరిగాయి. 1845లో రువాహినే పర్వతాల మీద కొలెన్సోకు అంతవరకు చూడని మొక్కలు కుప్పలుగా కనిపించాయి. మోయడానికి సంచి లేదు. కోటు విప్పి అందులో నింపాడు. అదీ చాలక చొక్కా విప్పి, మెడ దగ్గర ముడివేసి సంచి చేసుకున్నాడు. ఇంకా మిగిలినవాటిని టోపీలో కుక్కాడు.

అంత కష్టపడ్డ మనిషికి 1854లో హుకర్ రాసిన మాట ఇది: మీ దగ్గర హెర్బేరియం (పోల్చి చూడటానికి ఎండుమొక్కల నమూనాలను దాచే బీరువా) లేకపోవడం వల్ల, ప్రపంచంలో అందరికీ బాగా తెలిసిన ఫెర్న్ మొక్కలు కొన్నింటిని కొత్తవని వర్ణించారు.

హుకర్ ఇక్కడ కొలెన్సో కంటిచూపును తప్పుపట్టలేదు, శ్రద్ధను శంకించలేదు. బీరువా లేదన్నాడు, అంతే. మరి ఆ బీరువా ఎవరిది? లండన్ శివార్లలోని క్యూ ఉద్యానానికి 1841 నుంచి డైరెక్టర్ జోసెఫ్ తండ్రి విలియం హుకర్. 1855లో కొడుకు సహాయ డైరెక్టరయ్యాడు, 1865లో తండ్రి పోగానే ఆ కుర్చీలో కూర్చున్నాడు. అక్కడ అందరూ పోలిక కోసం ఆధారపడ్డ ఎండుమొక్కల సేకరణ తండ్రి సొంత ఆస్తి. ప్రభుత్వం దాన్ని కొన్నది 1866లో. అంటే ప్రపంచంలోని ఫెర్న్‌లకు తీర్పు చెప్పే పీఠం ఒక ఇంటి వారసత్వంగా నడిచింది. నేల నాలుగు చెరగుల నుంచీ నమూనాలు అక్కడికే చేరాయి. నమూనాలన్నీ ఒకచోట పోగుపడితే, పంపినవాడికి పోల్చి చూసుకునే వీలెక్కడిది? అతణ్ణి ఆ స్థితిలో ఉంచి, పోల్చి చూడలేదని తప్పుపట్టడం హుకర్‌కే చెల్లింది.

పైగా న్యూజీలాండ్ వృక్షసంపద మీద తన గ్రంథానికి 1853లో రాసిన ఉపోద్ఘాతంలో హుకర్ దీన్నే సిద్ధాంతం చేశాడు. ఒకే ప్రాంతంలో తిరిగేవారు చిన్న తేడాలను పెద్దవి చేసి చూస్తారట, విశాలమైన సేకరణ ముందున్నవారే జాతుల హద్దులు గీయగలరట. నిజానికి లోయలోనూ కొండమీదా, వానలోనూ ఎండలోనూ అదే ఫెర్న్‌ను బతికుండగా చూసినవాడు కొలెన్సో. హుకర్ చూసింది కాగితానికి అంటించిన ఆకు. జాతులను కలిపేసేకొద్దీ క్యూకు పని సులువు, సంపుటాలు తక్కువ. హుకర్ ప్రాణస్నేహితుడు డార్విన్ మాత్రం 1857లో అతనికే రాస్తూ, విడగొట్టేవారూ కలిపేసేవారూ ఇద్దరూ ఉండటం మంచిదేనన్నాడు. ఆ పెద్దమనిషి తరహా హుకర్‌కు అబ్బలేదు.

హుకర్ పక్షాన చెప్పాల్సిందీ ఉంది. కొలెన్సో తర్వాతి రోజుల్లో కొత్తవంటూ ప్రకటించిన జాతుల్లో చాలావాటిని న్యూజీలాండ్ శాస్త్రజ్ఞులే కొట్టేశారు. ఒకే మొక్కకు దేశానికో పేరు పెట్టుకుంటూ పోతే శాస్త్రం గందరగోళమవుతుంది, ఎక్కడో ఒకచోట అన్నీ కలిపి చూడాలి. ఒప్పుకుంటాను. కానీ ఆ ఒకచోటు ఎప్పుడూ ఐరోపాలోనే ఎందుకుండాలి?

ఇది మన ముంగిట్లోనూ జరిగింది. 1819లో మద్రాసు వచ్చిన స్కాట్లాండ్ వైద్యుడు రాబర్ట్ వైట్ మొదట్లో సామర్లకోట, రాజమండ్రి పరిసరాల్లోనూ మొక్కలు సేకరించాడు. కంపెనీ సర్కారు 1828లో అతని ప్రకృతిశాస్త్రజ్ఞుడి పదవినే రద్దు చేసింది. చివరికి నమూనాలను స్కాట్లాండ్ మోసుకెళ్లి, జార్జ్ వాకర్ ఆర్నాట్‌తో కలిసి 1834లో ద్వీపకల్ప భారత మొక్కల గ్రంథం తెచ్చాడు. ఆర్నాట్ ఈ దేశంలో అడుగైనా పెట్టలేదు. గ్రంథం మీద మాత్రం ఇద్దరి పేర్లూ సమానం.

వైట్ కోసం బొమ్మలు గీసిన రంగయ్య, గోవిందుల మాటేమిటి? పుప్పొడి తిత్తి, అండాశయం అడ్డుకోత, గింజ మీది నూగు వంటివి చూసి చూసి గీసిన చేతులవి. వర్గీకరణ నడిచేదే ఆ వివరాల మీద. వైట్ కృతజ్ఞత మరిచిన మనిషి కాడు. ఒక ఆర్కిడ్ ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) గోవిందూయియా అని చిత్రకారుడి పేరు పెట్టాడు. తర్వాత దాన్ని ట్రోపీడియా అనే మరో ప్రజాతిలో కలిపేశారు. శాస్త్రపరంగా సబబే కావచ్చు. అయినా ఏళ్ల తరబడి మొక్కలను విప్పి గీసిన చిత్రకారుడి తెలుగు పేరు పర్యాయనామాల, అంటే ఇప్పుడు చెల్లని పేర్ల, జాబితాలోకి జారిపోయింది.

ఇప్పటికీ తూర్పు కనుమల్లో మొక్కను గుర్తించాలంటే మన పరిశోధక విద్యార్థులు అందుకునే పుస్తకం 1915లో మొదలై 1936లో ముగిసిన, మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల మీది గాంబుల్ గ్రంథం. అదీ క్యూ ఉద్యానంలో కూర్చుని రాసిందే. మన నేల మీద సేకరించిన అనేక మొక్కల పేర్లకు ఆధారమైన మూల నమూనాలు నేటికీ క్యూలో, ఎడిన్‌బరోలో ఉన్నాయి. ఫొటోలు ఇంటర్నెట్‌లో పెట్టారు కదా అంటారు. ఆకు అడుగునున్న నూగు ఒంటిపాయదా రెండుపాయలదా అన్నది ఫొటోలో తేలకపోతే, జిల్లా కాలేజీ అధ్యాపకుడు వీసాకు దరఖాస్తు పెట్టుకోవాలా?

నేరమంతా ఐరోపా మీదికి నెట్టి చేతులు దులుపుకోవడం కూడా నాకు నచ్చదు. వృక్షశాస్త్ర విభాగంలో ఒక మూల గదిలో నమూనాలను పురుగులకు వదిలేసే అలవాటు మనది. వర్గీకరణ పాతబడ్డ విద్య అంటూ విద్యార్థులను ప్రయోగశాలల వైపు మళ్లించేదీ మన ఆచార్యులే. మాడ్రిడ్ ఓటును మెచ్చుకునే మన విద్యాశాఖలు ప్రతి విశ్వవిద్యాలయ హెర్బేరియానికి శాశ్వత ప్రాతిపదికన ఒక క్యూరేటర్‌ను నియమించాలి. మూల నమూనాలను అప్పుగా తెప్పించుకోవడానికి బడ్జెట్‌లో ఒక పద్దు తెరవాలి. పెద్ద ఖర్చేమీ కాదు. ఆ పని జరిగేదాకా మన అధ్యాపకుడు కొలెన్సో ఉన్నచోటే ఉంటాడు, జవాబు లండన్ నుంచే వస్తుంది.