పంటి తీగకు నూనె చుక్క

మా తమ్ముడికి 28 ఏళ్లొచ్చాక పళ్లు సరిచేయించుకోవాలన్న బుద్ధి పుట్టింది. సంబంధాలు చూస్తున్నారు కాబట్టి క్లిప్పులు కనబడకూడదట. స్టీలు వద్దని పట్టుబట్టి, పంటి రంగులో ఉండే సిరామిక్ బ్రాకెట్లు (పంటికి అతికించి, తీగను పట్టి ఉంచే బిళ్లలు) వేయించుకున్నాడు. నెలలు గడిచినా పన్ను పీకిన చోట సందు మాత్రం అలాగే ఉంది.

శనివారం విజయవాడ మొగల్రాజపురంలో క్లినిక్‌కి వెళ్తుంటే పెదనాన్న కూడా బయల్దేరారు. ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. కదలాల్సింది కదలకపోతే ఆయనకు నిద్ర పట్టదు.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. బ్రాకెట్‌లో గాడి 0.022 అంగుళాలు, అందులో తీగ 0.019. ముందు పళ్లు వెనక్కి రావాలంటే ఆ తీగ గాడిలో జారాలి. సిరామిక్ గాడి స్టీలంత నున్నగా ఉండదు. పైగా తీగ ఊడిపోకుండా వేసిన రబ్బరు రింగులు దాన్ని అదిమిపడతాయి. అందుకే ఫ్రిక్షన్.

"గాడిలో తీగకు అంత ప్లే, అంత వదులు ఉందిగా తల్లీ, ఇంకెందుకు పట్టేస్తోంది?" అన్నారు పెదనాన్న.

డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. ఇలాంటి ప్రశ్న అడిగే పేషెంటు ఆవిడకు ఎక్కడ దొరుకుతాడు! లాగగానే పన్ను ముందు కాస్త ఒరుగుతుందట. ఒరగ్గానే గాడి అంచు తీగను కరిచి పట్టుకుంటుంది. ఎముక మెల్లగా దారిచ్చాక పన్ను నిటారవుతుంది, పట్టు వదులుతుంది, కాస్త జరుగుతుంది, మళ్లీ ఒరుగుతుంది. ప్రతి స్టేజీలో ఆగే పల్లెవెలుగు బస్సన్నమాట. "నూనె రాస్తే పోయే పట్టు కాదండీ అది" అంది.

పెదనాన్న "నూనె" దాకానే విన్నారు.

ఆ రాత్రి వాడి కంచంలో పసుపు దండిగా పడ్డ ముద్దపప్పు, ఆవకాయ, పైన గరిటెడు నువ్వుల నూనె. అమ్మ నెయ్యి తెస్తే ఆపేశారు. "నెయ్యి పేరుకుంటుంది. నూనే కరెక్టు." పక్కనే కూర్చుని, "గబగబా మింగకురా, పళ్ల మీద తిప్పు" అని పర్యవేక్షణ.

తెల్లారి అద్దంలో చూసుకుని వాడు కెవ్వుమన్నాడు. పన్ను వెంట్రుకవాసి కదల్లేదు గానీ, రంగులేని రబ్బరు రింగులన్నీ పసుపు పీల్చుకుని పచ్చగా నిగనిగలాడుతున్నాయి. బ్రాకెట్లు శుభ్రంగానే ఉన్నాయి, పాపం. పేస్టు ట్యూబు సగం ఖాళీ చేసినా రింగులు మెరుస్తూనే ఉన్నాయి. వాటిని మార్పిద్దామంటే ఆదివారం, క్లినిక్ మూత. పదకొండింటికి గుంటూరు బ్రాడీపేటలో పెళ్లిచూపులు.

వారధి మీద బిగించిన పెదవులు బ్రాడీపేట దాకా విప్పలేదు వాడు. కాఫీ కూడా సందులోంచే పీల్చాడు. తీరా ఆ అమ్మాయి, "మీకు వంటొచ్చా?" అని అడిగేసరికి నవ్వాగలేదు.

అమ్మాయి నాయనమ్మ కళ్లజోడు సవరించుకుని ముందుకు వంగింది.

"అబ్బాయికి పళ్లకు బంగారం కట్టించారా?"

మేమంతా తలలు దించుకున్నాం. పెదనాన్న ఒక్కరే తడుముకోకుండా, "తులం పైమాటేనండీ" అన్నారు.