అందరికీ 24 గంటలేనా?

డిసెంబర్ సేవా కార్యక్రమాల ఫోటోలు మీరందరూ చూసే ఉంటారు. కొల్లాపూర్ వైపు ఒక జూనియర్ కాలేజీలో, ఇక్కడ అమెరికాలో ఉన్న మన సంఘం వెళ్ళి పెట్టిన కెరీర్ గైడెన్స్ సదస్సు ఫోటోలు కూడా వాటిలో ఉన్నాయి. జ్యోతి వెలిగించడం, శాలువాలు, బ్యాగులు అందుకుంటున్న పిల్లలు, వెనక మన బ్యానర్. ఆ హాల్లో నేనూ ఉన్నాను. ఫోటోల్లోకి ఎక్కని ఒక ఐదు నిమిషాల గురించి ఇక్కడ రాస్తున్నాను.

మన బృందం తరఫున మాట్లాడినాయన చాలా ఉత్సాహంగా మాట్లాడారు. మార్పు వచ్చినప్పుడు టెన్షన్ పడకుండా ఎలా ఉండాలి, ఇంటిపనినీ చదువునీ ఎలా సర్దుకోవాలి, లక్ష్యాలు కాగితం మీద ఎందుకు రాసుకోవాలి, పొద్దున 5 గంటలకే ఎందుకు లేవాలి, ఇవన్నీ చెప్పారు. చివర్లో తెర మీద పెద్ద గడియారం బొమ్మ వేసి, "దేవుడు అందరికీ 24 గంటలే ఇచ్చాడు, డబ్బున్నవాడికి ఒక్క నిమిషం కూడా ఎక్కువ ఇవ్వలేదు" అన్నారు. చప్పట్లు మోగాయి. ఏమైనా ప్రశ్నలుంటే అడగమన్నారు.

మధ్య వరసలో ఒక అమ్మాయి లేచింది. ఇంటర్ రెండో సంవత్సరం. "సార్, మా అమ్మా నాయినా దసరా ఎల్లంగనే హైదరాబాదుల బిల్డింగు పనికి పోయిండ్రు. అవ్వ, తమ్ముడు, చెల్లె నా కాడనే ఉన్నరు. పొద్దుగాల లేసి వంట జేసి, వాళ్లను బడికి తోలి నేను బస్సు అందుకునే వరకు మొదటి పీరియడ్ అయిపోతది. చదువుకునే టైము యాడికెల్లి తియ్యాలె సార్?" లెక్క అర్థం కాని పిల్ల మాస్టారుని అడిగినట్టు అడిగింది. గొంతులో ఫిర్యాదు లేదు, ఏడుపు లేదు.

"సాకులు వెతికేవాళ్ళకి సాకులే దొరుకుతాయమ్మా, దారి వెతికేవాళ్ళకి దారి దొరుకుతుంది" అని ఆయన నవ్వారు. మళ్ళీ చప్పట్లు. లెక్చరర్లు కూడా కొట్టారు. అమ్మాయి కూర్చుంది. బ్యాగుల పంపిణీ మొదలైంది. ఆ రాత్రికే ఆ వీడియో ముక్క మన వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. కింద బొటనవేళ్ళు, దండాలు, "సూపర్‌గా చెప్పారన్నా" అన్న మెచ్చుకోళ్ళు. నాకు మాత్రం ఆ రోజు నుంచి మనసు నిలవడం లేదు.

మాట్లాడినాయన చెడ్డమనిషి కాదు. సొంత డబ్బుతో టికెట్ కొనుక్కుని, సెలవు పెట్టి, క్రిస్మస్ సెలవుల్లో పిల్లల్ని ఇక్కడే వదిలి వచ్చినవాడు. క్రమశిక్షణ అక్కర్లేదని కూడా నేను అనడం లేదు. అలారం పెట్టుకుని లేవనిదే మనలో ఎవరం ఎంసెట్ రాయలేదు. కానీ ఆ అమ్మాయి 5 గంటలకంటే ముందే లేస్తోంది. లేచి చేస్తున్న పనే మనకు చెప్పింది. ఆమెకు మనం ఇచ్చిన జవాబు ఆమె రోజూ చేస్తున్నదే.

ఆమె లేచి నిలబడ్డప్పుడు నాకు మా అక్క కనిపించింది. అందుకే ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

మా ఊరు శ్రీశైలం డ్యామ్ ముంపులో పోయింది. 1981లో. కృష్ణ ఒడ్డున నల్లరేగడి చేలు, ఎండాకాలం నది తగ్గితే ఇసుకలో దోస పాదులు, అవన్నీ నీళ్ళ కిందికి పోయాయి. ఆ ముంపులోనే ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తీసుకెళ్ళి అలంపూర్‌లో మళ్ళీ నిలబెట్టారు. చాలా మంచి పని, ఇప్పటికీ అక్కడికి వెళితే చేతులెత్తి మొక్కుతాను. మనుషులకు మాత్రం పరిహారం చేతిలో పెట్టి ఎటైనా పొమ్మన్నారు. ఇంటికొక ఉద్యోగం కోసం వచ్చిన జీవో 98 పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతూ ముసలివాళ్ళైపోయినవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు.

పరిహారం డబ్బుతో నాయిన గుట్ట పక్కన చెల్క కొన్నాడు. వాన పడితే పల్లి, పడకపోతే ఏమీ లేదు. రెండు కరువులకే కూలీలను పనులకు తీసుకెళ్ళే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకోవాల్సి వచ్చింది. పాలమూరు (మహబూబ్‌నగర్) లేబర్ అంటే దేశమంతా తెలుసని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఏ డ్యామ్ దగ్గరికి పోయినా మనవాళ్ళ చెమట ఉందంటాం. నిజమే. ఆ చెమటకు ముందు అడ్వాన్సు ఉంటుంది, ఆ అడ్వాన్సు తీరేదాకా మనిషి తనది కాడు. సద్దుల బతుకమ్మ నాడు మా అమ్మ నడి రాత్రి దాకా ఆడేది. దసరా నాడు జమ్మి ఆకు చేతుల్లో పెట్టి పెద్దలకు మొక్కేది. ఆ మరునాడో, ఎల్లుండో లారీ వచ్చేది. అమ్మా నాయినా పూనా వైపు పోయేవాళ్ళు. మళ్ళీ ఉగాదికే రావడం.

ఇంటి దగ్గర అవ్వ, అక్క, నేను, తమ్ముడు. అక్క అయిదో తరగతి. ఒకసారి అవ్వకు చలిజ్వరం వస్తే రొట్టెలు చేయడానికి అక్క బడి మానింది. మరునాడూ మానింది. తర్వాత బడికి పోయే మాటే ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. సారు ఒకసారి గడప దాకా వచ్చి అడిగాడు. "ఇంటికాడ ఎవరుంటరు సారూ?" అంది అవ్వ. సారు వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు నుంచి నా డబ్బాలో జొన్న రొట్టె, పల్లీల కారం పెట్టి నన్ను బడికి పంపింది అక్కే. పలక కడిగింది, పేలు చూసింది, పదో తరగతి పరీక్షలప్పుడు నాతో పాటు దీపం దగ్గర కూర్చుంది.

ఊరిని గొప్ప చేసి చెప్పడం నాకిష్టం లేదు. కానీ ఆ ఊరు లేకపోతే మేం బతికేవాళ్ళం కాదు. కొట్టాయన ఉగాది దాకా బాకీ రాసుకునేవాడు, ఒక్కసారీ అవ్వను పదిమందిలో అడగలేదు. పక్కింటి పెద్దమ్మ తన గొడ్లతో పాటు మా బర్రెకూ గడ్డి వేసేది. రాత్రి వాన గట్టిగా పడితే ఎవరో ఒకరు వచ్చి కప్పు చూసిపోయేవారు. ఎవరింట్లో పెద్దవాళ్ళు లేరో వాడకంతటికీ తెలుసు, తెలిసినందుకు ఏదో ఒకటి చేసేవాళ్ళు. ఆ పెద్దమ్మే అక్క బడి మానినప్పుడు "ఆడపిల్లకు సదువేంది తియ్" అంది. అదే ఏడు తమ్ముడు బడికి ఒక్కరోజు ఎగ్గొడితే బెత్తం పట్టుకుని తరిమిందీ ఆమే. ఆమె పెట్టిన అన్నం తిని పెరిగాను కాబట్టి ఈ మాట కోపం లేకుండా రాయగలుగుతున్నాను.

ఇప్పుడు నేను ఇక్కడ ఒక కంపెనీలో టెస్టింగ్ టీమ్ చూస్తున్నాను. మహిళా దినోత్సవానికి స్టేజీ ఎక్కించి, "ఆఫీసునీ ఇంటినీ ఎలా బ్యాలెన్స్ చేస్తారు?" అని అడుగుతారు. నేను చెప్పగల నిజమైన జవాబు ఒక్కటే: అక్క. పాప పుట్టినప్పుడు అమ్మ వచ్చి ఆరు నెలలు ఉంది. అమ్మ వెళ్ళగానే అత్తమ్మ వచ్చింది. మీ ఇళ్ళల్లో కూడా ఇంతే కదా? విజిటర్ వీసా మీద వచ్చి, మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి దిగి, మనం మీటింగుల్లో ఉంటే పిల్లలకు ముద్దలు పెట్టినవాళ్ళు లేకుండా మనలో ఎంతమంది ప్రమోషన్ దాకా వచ్చారు? ఇంతమంది భుజాల మీద నిలబడ్డవాళ్ళం వెళ్ళి, భుజం ఇచ్చేవాళ్ళెవరూ లేని పిల్లకు నువ్వొక్కదానివే సర్దుకో అని చెప్పి వచ్చాం.

ఇక్కడి సంగతి కూడా వేరుగా లేదు. 2025 సెప్టెంబర్ 19న, ఇక్కడ ఉద్యోగానికి ఇచ్చే హెచ్-1బి వీసా కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్లు అని ప్రకటన వచ్చినప్పుడు ఎంత గాభరా పడ్డామో గుర్తుందా? కొత్త దరఖాస్తులకే అని మరుసటి రోజు తేలేలోపు, సెలవు మీద ఇండియా వెళ్ళినవాళ్ళు విమానాశ్రయాలకు పరుగెత్తారు. 21న పెత్రమాస, ఎంగిలిపూల బతుకమ్మ. పూలు పేరుస్తూ కూడా అందరి నోళ్ళలో అదే మాట. అప్పటికే ఇక్కడ మనం ఉండే ఊళ్ళో, వనపర్తి వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబంలో ఆయన ఉద్యోగం పోయింది. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకు అలాంటప్పుడు దొరికేది ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఈలోపు ఇంకో ఉద్యోగమో, స్టేటస్ మార్పు దరఖాస్తో, లేదంటే ఇల్లు ఖాళీ చేసి విమానమో. ఆయన పద్ధతైన మనిషి, ఇంటి ఖర్చులకు కూడా ఎక్సెల్ షీటు రాసుకునేవాడు. ఆ షీటు ఆయన ఉద్యోగాన్ని ఆపలేదు.

వాళ్ళు సద్దుల బతుకమ్మకు రాలేదు. ఫోన్ చేస్తే ఆయన భార్య నన్ను అడిగింది: "అక్కా, బ్యాడ్జీ మీద పేరు కింద కంపెనీ పేరు రాస్తరు గదా, ఆయన పేరు కింద ఏం రాపియ్యాలె?" బతుకమ్మ ఆడడానికి కంపెనీ పేరు ఎందుకు కావాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ 60 రోజుల్లో వాళ్ళను నిలబెట్టింది రెండు కుటుంబాలు. ఒకరు పిల్లల్ని బడి నుంచి తెచ్చారు, ఒకరు లాయర్ ఫీజు కట్టి తర్వాత ఇవ్వమన్నారు. సంఘం తరఫున మాత్రం ఒక్క ఫోన్ వెళ్ళలేదు. చెడు ఉద్దేశంతో కాదు, ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలుసుకునే ఏర్పాటే మనకు లేదు. మా వాడలో కొట్టాయనకు ఉన్నంత ఎరుక, ఇంతమంది సభ్యులున్న మనకు లేకపోయింది.

పాలమూరులో ఇప్పుడు వలస తగ్గింది. 2006లో ఉపాధి హామీ మొదలైన మొదటి 200 జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. మావాళ్ళు దాన్ని కరువు పని అంటారు. అది వచ్చాక ఊళ్ళో ఉండి కూలి దొరికింది. కల్వకుర్తి ఎత్తిపోతల కాలువలు చేలకు చేరాక ఇంకొంతమంది ఆగారు. పనీ నీళ్ళూ ఊళ్ళోకి వచ్చాయి కాబట్టి అమ్మా నాయినా ఇంట్లో ఉన్నారు, వాళ్ళుంటే పిల్లలు బడికి పోయారు. ఇవేవీ అందని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ అమ్మాయిది అలాంటి ఇల్లు.

వీడియో సంగతి అక్కకు ఫోన్‌లో చెప్పాను. అక్క ఇప్పుడు కొల్లాపూర్‌లోనే ఉంటుంది, ఇద్దరు కూతుళ్ళనూ డిగ్రీ దాకా చదివించింది. అంతా విని ఒకే మాట అడిగింది: "ఆ పిల్ల చెల్లె ఎంతదే?" నా దగ్గర జవాబు లేదు. ఆ హాల్లో ఉన్న మా ఎవరికీ అడగాలని తోచలేదు.

అందుకని కార్యవర్గంలో ఉన్న అన్నలకూ అక్కలకూ ఒక విన్నపం. వచ్చే డిసెంబర్‌లో ఆ సదస్సు పెట్టకండి. దాని ఖర్చు దసరా నుంచి ఉగాది దాకా ఉండే ఆ ఆరు నెలలకు ఇవ్వండి. తల్లిదండ్రులు వలస పోయిన ఇళ్ళు ఏవో కాలేజీ లెక్చరర్లకు తెలుసు. ఆ ఇంటి చిన్నపిల్లలకు సాయంత్రం వండిపెట్టి చూసుకునే మనిషి ఊళ్ళోనే దొరుకుతుంది, ఆమెకు నెలకింత ఇస్తే చాలు. వలస పిల్లల కోసం ప్రభుత్వం నడిపే సీజనల్ హాస్టళ్ళు, కస్తూర్బా పాఠశాలలు ఉన్నాయి, చేర్పించడానికి తిరిగే మనిషి లేకే చాలామంది ఆగిపోతారు. బస్సు ఆలస్యం అయితే ఆర్టీసీ డిపోకు ఒక అర్జీ పెట్టించవచ్చు. వక్తల్ని పంపాలనుకుంటే పంపండి, కానీ వాళ్ళు మైకు పట్టుకునే ముందు పిల్లల మాట వినాలి.

ఇక్కడ కూడా అంతే. బ్యాడ్జీల మీద కంపెనీ పేరు తీసేయండి, ఊరి పేరు రాద్దాం. సినిమా వాళ్ళను పిలిచే రాత్రికి పెట్టే డబ్బులో కొంత పక్కన పెట్టి, ఉద్యోగం పోయిన ఇంటికి మొదటి వారంలోనే ఎవరు ఫోన్ చేయాలో, లాయర్‌ను ఎవరు చూడాలో, పిల్లల్ని ఎవరు దింపాలో పేర్లు ముందే రాసుకుందాం. ఆ పేర్లలో మొదటిది నాది రాయండి.

ఆ కాలేజీ లెక్చరర్ ఒకరి నంబర్ తీసుకుని వచ్చాను. ఇంటర్ పరీక్షలు దగ్గర పడుతున్నాయి. ఆ అమ్మాయి వాళ్ళ అమ్మా నాయినా ఉగాదికి గానీ రారు. డిసెంబర్ దాకా ఆగకుండా, ఈ నెల మీటింగులోనే ఈ ఒక్క ఇంటి సంగతి తేల్చండి.