మూడో దశాంశ స్థానంలో పరువు

మనిషికి విలువ కట్టడం ఎవరి తరమని పూర్వం అనుకునేవారు. వలకి అటూ ఇటూ నిలబడి బ్యాట్లతో చిల్లుల ప్లాస్టిక్ బంతిని కొట్టుకునే పికిల్‌బాల్ కోర్టుల్లో ఆ చిక్కు తీరిపోయింది. డూపర్ (DUPR) అని ఆటగాళ్లకి ఒక రేటింగ్ ఉంది. 2 నుంచి 8 దాకా, మూడు దశాంశ స్థానాలతో సహా, ఎవరెంతవారో తేల్చి ఫోనులో పెట్టేస్తుంది.

మా మిత్రుడొకాయన మొన్నటిదాకా 3.512. మొన్న సాయంత్రం 11-9తో గెలిచాడు. గెలిచి, బెంచీ మీద కూలబడి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఫోను తెరని వేలితో కిందికి లాగుతూ వదులుతూ కూర్చున్నాడు. ఎన్నిసార్లు లాగినా 3.487! గెలిచినవాడికి కోత వెయ్యడం ఏ ధర్మశాస్త్రంలో ఉంది? అవతలివాళ్ల అంకెలు తక్కువ కాబట్టి ఇంకా తేలిగ్గా గెలవాల్సిందని లెక్క వేసుకుంటుందయ్యా అని చెప్పబోయాను. నన్ను శత్రుపక్షంలో జమకట్టాడు. పోయిన నెల గట్టి జంట చేతిలో 8-11తో ఓడినా రేటింగ్ పెరిగితే, "గణితమంటే ఇదీ" అని మురిసిపోయిందీ ఈయనే.

ఇప్పుడు ఎవరడిగినా "మూడున్నర" అంటున్నాడు. 3.512 ఉన్న రోజుల్లో ఆ చివరి రెండుని కూడా వదిలేవాడు కాదు.

డబుల్స్‌లో ఒక సదుపాయం ఉంది. పెరిగితే మన ప్రతిభ, తగ్గితే పార్ట్‌నర్ పుణ్యం. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట. ఇక్కడ మద్దెల కూడా తిరిగి అదే మాట అంటుంది.

"నేనసలు రేటింగే చూడను" అనేవాళ్లతో మరీ జాగ్రత్త. కోర్టుకొచ్చే అందరి అంకెలూ వాళ్లకి కంఠస్థం. రేటింగ్ తగ్గితే నిజంగా సంతోషించేది సాండ్‌బ్యాగర్లు, అంటే కావాలని అంకె తక్కువగా ఉంచుకునేవాళ్లు, ఒక్కరే. కింది విభాగంలో పతకం కొట్టాలన్న వైరాగ్యం వాళ్లది.

1965లో అమెరికాలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో, బ్యాడ్మింటన్ సామాను దొరక్క, టేబుల్ టెన్నిస్ బ్యాట్లూ చిల్లుల ప్లాస్టిక్ బంతీ పట్టుకుని ఇంటిల్లిపాదీ ఆడుకున్నారట. పికిల్‌బాల్ అలా పుట్టింది. ఆ రోజు ఎవరి రేటింగ్ ఎంతో రాసిపెట్టుకోలేదు. చరిత్రకి ఎంత నష్టం!

నిన్న మిత్రుణ్ణి ఒక ఆటకి పిలిచాను. ముందు నా అంకె చూశాడు. 3.106. "నీతో గెలిచినా లాభం లేదు, ఓడితే పరువు పోతుంది. సరదాగా ఆడదాం, డూపర్‌లో స్కోరు ఎక్కించొద్దు" అన్నాడు. సరదాగానే ఆడాం. 11-4తో గెలిచాను.

స్కోరు ఎక్కించేద్దామా అని ఇప్పటికి మూడుసార్లు మర్యాదగా అడిగాను.