మా ఇంట్లో కీర్తి తోరణం

వంటింట్లో చీకటి ఉన్నంతకాలం దేశం బాగుపడదని నేను గట్టిగా నమ్ముతాను. ఆ నమ్మకంతోనే నిరుడు సంక్రాంతి పోగానే వరంగల్ మట్టెవాడలో మా తాత కట్టించిన పెంకుటింట్లో వంటింటి గోడలు కూలగొట్టించాను.

పాత వంటిల్లు గురించి చెప్పాలంటే సిగ్గేస్తుంది. రెండడుగుల మందం మట్టిగోడలు, కింద శాబాదు బండలు, పైన పెంకుల మధ్య ఒకే ఒక్క అద్దం పెంకు. అందులోంచి జొన్నరొట్టె అంత వెలుగు పడేది. అది జరుగుతూ జరుగుతూ రోలు దగ్గరికి వచ్చిందంటే తాతకు అన్నం పెట్టే వేళయిందని మా బాపమ్మ లెక్క. ఇంత వెనకబాటుతనాన్ని నాలాంటి చదువుకున్నవాడు ఎన్నాళ్లు సహిస్తాడు?

డిజైనర్ ల్యాప్‌టాప్‌లో బొమ్మ చూపించాడు. హాలు, డైనింగు, కిచెన్ అంతా ఒకటే. నడుమ ఐలాండ్, అంటే గోడకు ఆనకుండా విడిగా కట్టే పొయ్యిగట్టు. పడమటి పెరట్లోకి పది అడుగులు ముందుకు జరిపి, ఆ చివర ఇరవై అడుగుల పొడవున అద్దాల గోడ. బొమ్మలో ఒకావిడ పళ్లెంలో మూడు నిమ్మకాయలు పెట్టుకొని నవ్వుతోంది. ఆ ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా అన్నం తిన్న ఆనవాలు లేదు. మాకు అదే నచ్చింది.

మేస్త్రికి మాత్రం అభివృద్ధి అంటే గిట్టదు. "సార్, దూలం ఈ గోడ మీదనే ఉన్నది. గోడ తీస్తే నేను పట్టుకోవాల్నా, మీరు పట్టుకుంటరా?" అన్నాడు. చివరికి ఇనుప గర్డర్ పట్టుకుంది. కరీంనగర్ గ్రానైట్ ఓడలెక్కి చైనా దాకా పోతుంది కాబట్టి అది మన స్థాయికి తగదని, ఫ్యాక్టరీలో పోసిన తెల్లటి క్వార్ట్జ్ పలక వేయించాం. దానిమీద పసుపు మరక పడితే పోదట. అందుకని ఇప్పుడు వంటింట్లో పసుపు నిషేధం. సిద్ధాంతి గారు వచ్చి, ఇంటి నడుమ బ్రహ్మస్థానం, అక్కడ బరువే ఉండకూడదు, పొయ్యి ఆగ్నేయంలోనే ఉండాలన్నారు. పొయ్యి వెళ్లిపోయింది. ఐలాండ్ మీద ప్రస్తుతం హెల్మెట్, కరెంటు బిల్లులు కాపురం ఉంటున్నాయి.

అసలు పేచీ గడప దగ్గర వచ్చింది. "అరవై ఏండ్లు పసుపు రాసిన గడప. దాన్ని ముట్టనియ్య" అని అమ్మ అడ్డం కూర్చుంది. దాంతో చుట్టూ గోడ పోయింది, టేకు దర్వాజ ఒక్కటే హాలు నడుమ నిలబడిపోయింది. కోటలో కాకతీయుల గుడి కూలి నాలుగు తోరణాలు మిగిలాయి. రాష్ట్ర చిహ్నం దాకా ఎక్కాయి. మాది అయిదోది. చుట్టాలు దాని కింద సెల్ఫీలు దిగుతున్నారు.

ఇక మిర్చి. వరంగల్లో ఉండి మిర్చి మాట ఎత్తకపోతే ఏనుమాముల మార్కెట్ మీదుగా ఇంటికి పోలేను. గోడ ఉన్నప్పుడు ఎండుమిర్చి పోపు వంటింటి సొంత వ్యవహారం. ఇప్పుడు పోపు వేస్తే హాల్లో అల్లుడు దగ్గుతాడు, పడకగదిలో మనవడు తుమ్ముతాడు. చపాట మిర్చికి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఓపెన్ కిచెన్ కోసమే పుట్టిన పంట అని దానికి మారాం. అమ్మ కూర రుచి చూసి "చూడనీకి మంచిగున్నది, నీ వంటింటి లెక్కనే" అంది.

మే నెలలో ఎండ నలభై దాటాక పడమటి అద్దాల సంగతి తెలిసింది. సాయంత్రం చాయ పెట్టడానికి నెత్తికి తువ్వాల చుట్టుకోవాల్సి వచ్చింది. అద్దాలకు నల్ల ఫిల్మ్ అంటించాం. చాలలేదు, మందపాటి పరదాలు కట్టాం. ఆ తర్వాత కోతులు వచ్చాయి. ప్రహరీ మీద తీరిగ్గా కూర్చొని లోపల అరటిపండ్లు ఎక్కడున్నాయో చూసుకునే సౌకర్యం పాత ఇంట్లో వాటికి లేదు పాపం. బయట ఇనుప జాలీ కొట్టించాం. ప్రస్తుతం మా వెలుగుల వంటింట్లో పగలు పన్నెండింటికి లైటు వేస్తే గానీ బియ్యంలో రాయి కనబడదు.

మొన్న సంక్రాంతికి సకినాలు చుట్టాలి. అయిదారుగురు ఆడవాళ్లు నేల మీద బట్ట పరుచుకొని కూర్చోవాలి. ఐలాండ్ జరగదు. అమ్మ నాతో ఒక్క మాట చెప్పకుండా మేస్త్రిని పిలిపించి, మిగిలిన పెరట్లో రేకుల షెడ్డు వేయించి, పొయ్యి అక్కడికి మార్చేసింది. మేస్త్రి రేకుల మధ్య ఒక అద్దం ముక్క కూడా పెట్టాడు. రొట్టె అంతే ఉంటుంది.

మొదటి వాయి దిగగానే అమ్మ గంప ఎత్తుకొని, నడుమనున్న దర్వాజ లోంచి, గడప దాటి హాల్లోకి వచ్చింది. వెనకాలే నూనె డబ్బా పట్టుకొని నేను ఆ పక్క ఖాళీలోంచి వచ్చాను.

"దర్వాజ ఉండంగ గోడలకెల్లి వస్తవేందిరా?" అంది.