క్రోమియానికి అన్యాయం చేయొద్దు

పాత నల్లగొండ జిల్లాలో, చౌటుప్పల్ చుట్టూ ఉన్న మందుల కంపెనీల మీద కొత్త గండం వచ్చేలా ఉంది. ఆక్సీకరణకు, క్రోమియం వ్యర్థం మిగిల్చే డైక్రోమేటు బస్తాలు కుమ్మరించడం మానేసి, పాలిమర్ గింజలకు అంటించిన ఉత్ప్రేరకం వాడొచ్చని కెమిస్టులు అంటున్నారు.

పాలిస్టైరీన్, అదే మన థర్మాకోలు సరుకు, డైవినైల్ బెంజీన్‌తో ముడివేసి సన్నటి గింజలు చేస్తారట. వాటికి వనేడియమో మాలిబ్డినమో ఏదో ఒక లోహం తగిలించి హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే చాలు. పెరాక్సైడ్ నుంచి మిగిలేది నీళ్లే. గింజల్ని వడకట్టి, కడిగి, మళ్లీ రియాక్టర్లో వేసుకోవచ్చు. ఇలాంటి గింజల మీదే మెరిఫీల్డ్ అనే అమెరికా కెమిస్టు 1963లో పెప్టైడ్లు, అంటే చిన్న ప్రోటీన్ గొలుసులు, అల్లి చూపించాడు, 1984లో నోబెల్ కొట్టేశాడు. ఇచ్చినవాళ్లకేం, స్వీడన్‌లో కూర్చుని ఇస్తారు.

నీళ్లే మిగిలితే అర్ధరాత్రి లైట్లార్పుకుని చెరువు కట్ట కింద ఆగే ట్యాంకర్ గతేంటి? డ్రైవరు, క్లీనరు, దారి చూపే పెద్దమనిషి, తల పక్కకు తిప్పుకునే ఇంకో పెద్దమనిషి, పొద్దున్నే ఊళ్లో నీళ్ల క్యాన్లు అమ్మే పిల్లగాడు... వీళ్లందరి నోట్లో మట్టి కొట్టడమేనా గ్రీన్ కెమిస్ట్రీ? మందుల తయారీలో కిలో సరుకుకు 25 నుంచి 100 కిలోల పైదాకా వ్యర్థం వస్తుందని షెల్డన్ అనే కెమిస్టు 1992లోనే లెక్క తేల్చాడు. ఆయన బాధపడుతూ చెప్పాడు గానీ, అది ఎంతమందికి ఉపాధో చూడలేదు.

పైగా మన జిల్లాకో పరువుంది. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని ప్రపంచమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అంటుంది. ఇంకొంచెం ఓపిక పడితే క్రోమియానికీ మన పేరు మీద ఒకటి రాకపోదు.

న్యాయంగా చెప్పాలంటే గింజల్లోనూ దొంగతనం ఉంది. ఒక్కోసారి లోహం గింజను వదిలి ద్రవంలోకి జారుకుంటుంది. అప్పుడు పేరు గింజది, పని జారిన లోహానిది. దాన్ని పట్టుకోవడానికి చర్య సగంలో ఉండగా వేడి మీదే వడకట్టి, గింజలు లేకుండా కూడా చర్య సాగుతోందేమో చూస్తారు. చల్లారనిస్తే ఆ లోహం మళ్లీ గింజకే అతుక్కుని ఏమీ ఎరగనట్టు కూర్చోవచ్చు.

ఈ పరీక్షను మాత్రం మన పొలిమేర దాటి రానివ్వొద్దు. ఇక్కడ తనిఖీకి ఓ మర్యాద ఉంది. ముందురోజు ఫోన్ రావాలి, పైపులు కడగాలి, అంతా చల్లబడ్డాక సార్లు దిగి సీసాలో నమూనా పట్టాలి. వేడి మీద ఉండాల్సింది నాటుకోడి కూర ఒక్కటే.